వంటింట్లోకి జరిగిన మెషిను

ఉత్తరం వచ్చేసరికి ఆమె నడుం తాళ్ళు కుడుతోంది. ఆసుపత్రి వంటశాలకు నూట ఇరవై ఏప్రన్లు. ఒక్కోదానికి మెడపట్టీ ఒకటి, నడుం తాళ్ళు రెండు. తాడంటే ఊరికే రాదు. గుడ్డపట్టీని పొడుగ్గా మడిచి అంచు వెంట కుట్టాలి, గొట్టంలా తయారయ్యాక లోపలి వైపు బయటికి వచ్చేట్టు తిరగేయాలి. ఆ తిరగేసే పని కూతురిది. ఎవరూ అప్పగించలేదు, తనే లాక్కుంది. మెషిను పక్కన నేలమీద మఠం వేసుకుని, మొద్దు పెన్సిలుతో గొట్టం మూతిని లోపలికి తోస్తూ, ఒళ్ళో తెరిచి పెట్టుకున్న పుస్తకం గొంతెత్తి చదువుతోంది.

"అమ్మా, తిమింగలం చేప కాదట!"

"మరేంటట?"

"మనలాంటిదేనట. పిల్లకి పాలిస్తుందట. నీళ్ళలో పాలెలా ఇస్తుందే? కలిసిపోవూ?"

"నాకేం తెలుసే, నేనేమన్నా పితికానా?"

పిల్ల పకపకా నవ్వింది. మెషిను చప్పుడు మీద ఇద్దరివీ అరుపులే. పై వాటా వాళ్ళు మొదట్లో తల్లీకూతుళ్ళు పొద్దస్తమానం పోట్లాడుకుంటారనుకున్నారు.

అప్పుడే భర్త వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. జేబులో టెస్టరు, చేతిలో కవరు. "గేటు దగ్గర పెట్టెలో ఉంది. ఏదో ఆఫీసు ముద్ర" అన్నాడు, చించుతూ.

ముద్ర అనేసరికే ఆమె కాలు ఆగిపోయింది. మంచి వార్త ముద్ర వేసుకుని రావడం ఆమె ఎన్నడూ చూడలేదు.

ఇంటి దగ్గర చదివే పిల్లల్ని చూడటానికి విద్యాశాఖ నుంచి గురువారం మధ్యాహ్నం రెండింటికి ఒక మహిళా అధికారి వస్తారట. పిల్లతో స్వయంగా మాట్లాడతారట. చదువుకునే చోటు, పని చేసే చోటు వేరువేరుగా ఉండాలట. చదువు తృప్తికరంగా లేదని తోస్తే వచ్చే సోమవారం నుంచి పిల్లను తప్పనిసరిగా బడిలో చేర్చాలట. భర్త ఆ చివరి ముక్క కొంచెం గొంతు తగ్గించి చదివాడు. అయినా నేలమీద కూర్చున్న పిల్లకి వినిపించింది. సగం తిరగేసిన తాడును అలాగే మడిచి జేబులో పెట్టుకుంది. పుస్తకం మూసింది.

"ఎవరో చెప్పుంటారండీ. పిల్లచేత పని చేయిస్తున్నానని చెప్పుంటారు."

"అందరిళ్ళకీ వస్తార్లే. ఏడాదికోసారి రివాజు."

"తీసుకెళ్ళిపోతే?"

"ఏంటి తీసుకెళ్ళేది, మెషిన్నా?"

"మీకన్నీ వేళాకోళమే."

ఆమెకి వేళాకోళం కాదు. మానిపించక ముందు, ఆ బడి గదిలో ఏడాదిన్నర పాటు పిల్ల నోరు విప్పలేదు. హాజరుకి చెయ్యి ఎత్తేది, అంతే. "మీ అమ్మాయికి అసలు మాటలొచ్చా అండీ?" అని టీచరు నలుగురిలో అడిగిన రోజున, మాటలు రాని పిల్లలా తలొంచుకుని తల్లి చెయ్యి పట్టుకుని నడిచిన పిల్ల, ఇంటికొచ్చి మెషిను పక్కన కూలబడ్డాక చీకటి పడేదాకా మాట్లాడుతూనే ఉంది. ఆ అధికారి ముందు మళ్ళీ నోరు కట్టుబడిపోతే? ఇంట్లో ఇది ప్లీడరు అని వాళ్ళ నాన్న పెట్టిన పేరు ఆవిడకెలా తెలుస్తుంది? అయిదు నిమిషాలు చూస్తుంది, ఏదో రాసుకుంటుంది, వెళ్ళిపోతుంది. సోమవారం పొద్దున్న ఈ పిల్ల మళ్ళీ ఆ గేటు ముందు నిలబడుతుంది.

మంగళవారం ఆమె ఇల్లు కడిగింది. కిటికీ ఊచలు కూడా ఒక్కొక్కటే తుడిచింది. ఎవర్నో బతిమాలి గ్లోబు ఒకటి తెచ్చి అలమర మీద పెట్టింది. అది ఒక పక్కకి ఒరిగి తిరుగుతోంది. పాడైందని భయపడి భర్తను పిలిచింది.

"భూమి ఒరిగే ఉంటుందోయ్" అన్నాడు.

"మీకు ఖాయంగా తెలుసా?"

"లిఫ్టు అలా ఒరిగితే బాగుచేస్తాను. దీని జోలికి నేను పోను."

పిల్ల నవ్వాల్సిన చోట నవ్వలేదు. ఓ వేలితో గ్లోబును తోసి, అది కిర్రుమనగానే చెయ్యి వెనక్కి తీసుకుంది.

బుధవారం సాయంత్రం మెషిన్ని వంటింట్లోకి జరపాలని ఆమె తేల్చింది. ముందు గదిలో అదొక్కటే పని వస్తువు. పని చేసే చోటు వేరుగా ఉండాలని రాశారు కదా. వంటింటికి తలుపు లేదు గానీ పరదా ఉంది. పరదా వేస్తే వేరే చోటే.

"ఎక్కడ పెడతావు? పొయ్యి మీదా?"

"మీరు ముందు ఆ వైపు పట్టుకోండి."

ఇనుప కాళ్ళ మెషిను. పదేళ్ళుగా ఆ మూల వదిలి కదల్లేదు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి బల్ల రెండు వేళ్ళ మందం ఎక్కువైంది. భర్త కూర్చుని పక్కరెక్క మరలు విప్పాడు. విప్పుతూ, "ప్లీడరు గారూ, గుమ్మం వెడల్పు కొలవకుండా ఎత్తించినందుకు మీ అమ్మ మీద కేసు పెట్టొచ్చా?" అన్నాడు. పిల్ల తలుపు పక్కన నిలబడి చూస్తోంది. భుజాలెగరేసింది.

ఎట్టకేలకు మెషిను లోపలికి చేరింది. పిండి డబ్బాకీ గట్టుకీ మధ్య ఇరుక్కుంది. గిన్నెల అర తలుపు ఇక సగమే తెరుచుకుంటుంది. ఆమె దాని మీద దుప్పటి కప్పింది. కుట్టిన ఏప్రన్లు, కుట్టవలసినవి, పీలికలు మూట కట్టి మంచం కిందికి తోసింది. ముందు గదిలో బల్ల వేసి, బల్ల మీద పుస్తకాలు వరుసగా నిలబెట్టింది. గదికి గొంతు పట్టుకున్నట్టయింది. గోడ మీది గడియారానికి చప్పుడుంటుందని ఆ ఇంట్లో వాళ్ళకి అప్పుడే తెలిసింది.

ఆ నిశ్శబ్దంలో పిల్లను కూర్చోబెట్టి ప్రశ్నలడిగింది. గ్రహాలెన్ని? ఎనిమిది. పన్నెండు ఏడులెంత? పిల్ల పెదాలు కదిలాయి.

"గట్టిగా చెప్పు తల్లీ. ఆవిడకి వినపడాలిగా."

పిల్ల ఈసారి వేళ్ళతో చూపించింది. ఎనిమిది, తర్వాత నాలుగు.

"నోటితో అమ్మా, నోటితో. నిన్న మొన్నటిదాకా ఇల్లు పీకి పందిరేసేదానివి కదే!"

అడిగినకొద్దీ గొంతు తగ్గుతోంది. గొంతు తగ్గినకొద్దీ ఆమె ఇంకా అడుగుతోంది. చివరికి భర్తే వచ్చి పుస్తకం మూసి, "దాన్ని వదిలెయ్. రేపు పరీక్ష దానికా, నీకా?" అన్నాడు. ఇద్దరికీ అనాలనుకుంది గానీ అనలేకపోయింది.

గురువారం పొద్దున్న, ఏప్రన్ల పని ఇచ్చిన దుకాణం ఆయన ఫోను చేశాడు. "నాలుగింటికి వ్యానొస్తుందమ్మా. అన్నీ అయిపోయాయిగా?"

"అయిపోయినట్టేనండీ."

"అయిపోయినట్టా, అయిపోయాయా? ఆసుపత్రి వాళ్ళు ఒప్పుకోరు. ఆలస్యమైతే తర్వాతి పని వేరేవాళ్ళకిచ్చేస్తాను, తర్వాత నన్ననుకోవద్దు."

"అయిపోయాయండీ."

ఇంకా పద్దెనిమిది మిగిలున్నాయి. మెషిను మీద దుప్పటి తీస్తే చప్పుడవుతుంది. చప్పుడైతే, ఆవిడ కాస్త ముందుగానే వచ్చి మెట్ల మీద నిలబడి వింటుంటే? ఈ ఆలోచనకి అర్థం లేదని తనకీ తెలుసు. అయినా దుప్పటి తీయలేదు. పిల్ల జడ రెండుసార్లు విప్పి మూడోసారి వేసింది.

సరిగ్గా రెండింటికి తలుపు చప్పుడైంది.

వచ్చినావిడ ఆమె అనుకున్నంత పొడుగు లేదు. యాభై దాటి ఉంటాయి. కళ్ళజోడు తాడుకి వేలాడుతోంది. మెట్లెక్కి రొప్పుతోంది, జలుబు చేసి ముక్కు ఎర్రగా ఉంది. కుర్చీలో కూర్చుని మోకాలు నొక్కుకుంటూ, "మూడో అంతస్తని ఉత్తరంలో ఎవరూ రాయరు. లిఫ్టు లేదామ్మా?" అంది.

"లేదు మేడమ్. మా ఆయన లిఫ్టుల పనే..." అని, ఇదెందుకు చెప్పానా అని నాలుక కరుచుకుంది.

అధికారి పిల్ల వైపు తిరిగింది. "నీ క్లాసు పుస్తకాల్లో నీకిష్టమైనదేది?"

పిల్ల బల్ల అంచు చూస్తోంది.

"సైన్సు మేడమ్. సైన్సంటే ప్రాణం" అంది తల్లి.

"పొద్దున్న లేచి ముందు ఏం చేస్తావు?"

"పళ్ళు తోముకుని లెక్కలు చేస్తుంది మేడమ్."

"ఈ గ్లోబులో మనమెక్కడున్నాం?"

పిల్ల చెయ్యి కాస్త కదిలింది. అది ఎక్కడికి వెళుతుందో ఆగి చూసే ఓపిక తల్లికి లేకపోయింది. తానే గ్లోబు తిప్పి చూపించింది. అది కిర్రుమంది. పిల్ల చెయ్యి బల్ల కిందికి వెళ్ళిపోయింది.

అధికారి కాగితం మీద ఏదో రాసింది. చిన్న మాటే. చిన్న మాటే ఎక్కువ భయం. "లేదు" అన్నది చిన్న మాటే కదా.

"మీరెంతవరకు చదివారు?"

"పది... పది తప్పాను మేడమ్. ఒక్క సబ్జెక్టే."

"ఏది?"

"లెక్కలు." చెవులు కాలిపోయాయి. "కానీ కొలతలన్నీ వచ్చు మేడమ్. నేను ముందు రోజు చదువుకుని మర్నాడు చెప్తాను."

ఆవిడ తుమ్మింది. ముక్కు తుడుచుకుంటూ కిందికి చూసి, అలాగే ఆగిపోయింది. నేలమీద నాలుగు గుండ్రటి మచ్చలు, పదేళ్ళు ఇనుము నిలబడ్డ చోట. ఎంత కడిగినా వదల్లేదు. "ఇక్కడేముండేది?"

"ఏం లేదు మేడమ్."

పిల్ల తలెత్తి తల్లి వంక చూసింది. ఆ చూపులో తప్పు పట్టడం లేదు, ఆశ్చర్యమే. అదే ఆమెకి ఎక్కువ తగిలింది.

"కుట్టుమెషిను" అంది మెల్లగా. "నిన్న వంటింట్లోకి జరిపాం. మీ ఉత్తరంలో ఉంది కదా, పని చేసే చోటు వేరే ఉండాలని. నేను ఏప్రన్లు కుడతాను మేడమ్. అది దాని పక్కనే కూర్చుని చదువుకునేది. తాళ్ళు తిరగేస్తుంది, నేను చెప్పలేదు, అదే సరదాగా..." ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "మీరు రాసుకోండి."

ఆవిడ ఉత్తరం నకలు తీసి, కళ్ళజోడు పెట్టుకుని, ఆ వాక్యం వెతికి చదువుకుంది. నిట్టూర్చింది. "ఇది షెడ్డుల్లో పిల్లల్ని పనికి పెట్టి బడి నడుపుతున్నామని చెప్పేవాళ్ళ కోసం రాసిన ముక్కమ్మా. మీ మెషిను కాళ్ళు విరగ్గొట్టమని కాదు." పిల్లను ఒకసారి, తల్లిని ఒకసారి చూసింది. "ఒక పని చేయండి. మీరు లోపలికెళ్ళి మీ కుట్టు చూసుకోండి."

"నేనుంటాను మేడమ్. దానికి కొత్తవాళ్ళంటే..."

"ఇప్పటిదాకా మీరున్నారుగా. నేను మూడడిగాను, మూడూ మీరే చెప్పారు. మీకు మార్కులేసి వెళ్ళనా?"

ఆమె మంచం కింది మూట తీసుకుని పరదా దాటి లోపలికి వెళ్ళింది. మెషిను ముందు స్టూలు మీద కూర్చుంటే మోకాళ్ళు పిండి డబ్బాకి తగులుతున్నాయి. ముందు గదిలోంచి ఏమీ వినిపించడం లేదు. అధికారి ఏదో అడిగింది. జవాబు లేదు. మళ్ళీ అడిగింది. లేదు. అయిపోయింది. సోమవారం ఏ బట్టలు వేసి పంపాలో కూడా ఆలోచన వచ్చేసింది. గేటు దగ్గర వదలకుండా పట్టుకునే వేళ్ళని ఒక్కొక్కటే విడదీయాలి, అది కూడా. చేతులు ఊరికే ఉండలేకపోయాయి. దుప్పటి లాగేసింది. ఏప్రను జేబు మెషిను పాదం కింద పెట్టి, చక్రం తిప్పి, తొక్కింది.

వంటిల్లు చిన్నది కావడంతో చప్పుడు గిన్నెలన్నిటికీ తగిలి రెండింతలైంది. జేబుకి మూడు వైపులా కుట్టు వేసింది. మెడపట్టీ పెట్టింది. ఒకటి అయింది. రెండోది అయింది. చేతులు దారికి వచ్చాయి. మూడోదాని దారం తెంపడానికి కాలు ఆపింది.

"...ఆక్టోపస్‌కి మూడు గుండెలుంటాయట, ఒకటి ఆగిపోయినా..."

మాట మధ్యలో తెగింది.

ఆమె కత్తెర పట్టుకుని అలాగే ఉండిపోయింది. అది తన పిల్ల గొంతే. మెట్ల కిందిదాకా వినపడే ఆ గొంతే. ఇప్పుడు లేదు. గడియారం చప్పుడు వస్తోంది.

భ్రమేమో అనుకుంది. ఇంకో గుడ్డ తీసి పాదం కింద పెట్టి తొక్కింది. పది కుట్లు, ఇరవై. చప్పుడు కింద, నీళ్ళ కింద ఎవరో మాట్లాడినట్టు, సన్నగా ఒక రొద మొదలైంది. పెరిగింది. ఆపింది. రొద ఆగింది.

మెషిను మోగితేనే ఆ గొంతు లేస్తోంది, ఆగితే ఆగుతోంది. నిన్నటి నుంచి. నిన్నటి నుంచి మెషిను ఆపి, తన చేత్తోనే పిల్ల నోరు మూసి పెట్టి, మళ్ళీ తనే గట్టిగా చెప్పమని ప్రాణం తీసింది. తొక్కింది.

ఇక ఆపకూడదు. ఆపకుండా కుట్టాలంటే ఎలా? ఒక ఏప్రను అంచు అయిపోతుండగానే తర్వాతది ఎడమచేత్తో తెచ్చి దాని వెనకే ఆనించింది. మధ్యలో దారం తెంపలేదు. ఒకదాని తోక పట్టుకుని ఇంకోటి, గొలుసులా, మెషిను వెనక నుంచి నేలమీదికి దిగుతున్నాయి. తర్వాత కూర్చుని విడదీసుకోవచ్చు. ముందు గదిలో ఏం మాట్లాడుకుంటున్నారో ఒక్క ముక్క వినపడదు. తప్పులు చెబుతోందేమో. పన్నెండు ఏడులు తొంభై అంటోందేమో. తాను పక్కన లేదు, సర్దడానికి లేదు, వినడానికి కూడా లేదు. ఆగి వింటే వినడానికి ఏమీ ఉండదు. అలాంటి దిక్కుమాలిన చోట కూర్చుని, చెమట కళ్ళలోకి దిగుతున్నా తుడుచుకోకుండా, తొక్కుతోంది.

పద్దెనిమిదీ అయిపోయాయి. పీలిక ఒకటి అందుకుని దాని మీద కుట్టింది. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. పీలిక నిండిపోతే చెయ్యి తుడుచుకునే గుడ్డ లాక్కుంది.

పరదా కదిలింది. అధికారి లోపలికి వచ్చింది, చేతిలో ఖాళీ గ్లాసు. కుండలోంచి తనే నీళ్ళు ముంచుకుంది. ఆమె కాలు ఆగబోయింది.

"ఆపకండి" అంది ఆవిడ, చెవి దగ్గరికి వంగి, చప్పుడు మీద అరుస్తూ. "పిల్ల మాట మధ్యలో ఉంది."

"చెప్తోందా మేడమ్?"

"చెప్పడమేంటి! నన్నడుగుతోంది. నాకు సగం తెలీవు."

"తప్పులు..."

"తప్పులూ ఉన్నాయి. మెషిను మోగుతుంటే తప్పు చెప్పినా ఎవరికీ వినపడదట, అందుకని చెప్పొచ్చట. నాకు మాత్రం బాగానే వినపడ్డాయి, దానికి చెప్పలేదు." నీళ్ళు తాగింది. "కాగితం మీద సంతకం ఎప్పుడో పెట్టేశానమ్మా. సోమవారం మీరెక్కడికీ పంపనక్కర్లేదు. నేనే వెళ్ళలేకపోతున్నాను, అది వదలట్లేదు."

దండం పెట్టాలంటే చేతులు ఖాళీ లేవు. తల ఊపింది. తల ఊపుతుంటే కళ్ళలో నీళ్ళు గుడ్డ మీద పడ్డాయి, సూది వాటి మీదుగా వెళ్ళిపోయింది.

"ఇవన్నీ మీరు ఈ కాసేపట్లో కుట్టారా?" అని నేలమీది గొలుసు చూసి, కాళ్ళకి చుట్టుకోకుండా జాగ్రత్తగా దాటుకుని అధికారి వెళ్ళిపోయింది. పరదా అవతల రొద మళ్ళీ లేచింది. ఈసారి మధ్యలో ఒక నవ్వు కూడా ఉన్నట్టుంది.

బాబిన్లో దారం అయిపోయింది. అది ఆమె చేతికే తెలిసింది. గుడ్డ మీద ఇప్పుడు కుట్టు పడటం లేదు, వరుసగా బొక్కలు పడుతున్నాయి. బాబిను మార్చాలంటే ఆపాలి. మార్చలేదు.

కింద వ్యాను హారను కొట్టింది. నాలుగైనట్టుంది. ఆ హారనుకి మామూలుగా అయితే ఆమె పైప్రాణాలు పైనే పోయేవి. మూట భుజాన వేసుకుని మూడంతస్తులూ పరుగున దిగేది. మళ్ళీ కొట్టాడు, ఈసారి పొడుగ్గా. ఫోను గట్టు మీద గిరగిరా తిరుగుతూ మోగుతోంది. తర్వాతి పని వేరేవాళ్ళకి పోతుందేమో. పోతే వెతుక్కోవాలి.

కొట్టుకోనీ, అనుకుంది. కాలు మార్చుకుని, నడుం కాస్త నిటారుగా చేసుకుని, దారం లేని సూదితో చేతిగుడ్డకి ఇంకో వరుస మొదలుపెట్టింది.